ఎడమకు తిప్పితేనే

ఫ్లోర్యాన్ బేరం తలకిందులుగా చేశాడు.
ముందు రెండు వేల ఆరు వందల యూరోలన్నాడు,
ఆపైన ఒక్కో లోపం చెబుతూ
తనే తగ్గించుకుంటూ వచ్చాడు.

"పెట్రోలు ముల్లు కదలదు, ఓ యాభై తీసెయ్.
కుడి తలుపు బయటినుంచే తెరుచుకుంటుంది, ఇంకో వంద.
హారన్ మోగుతుంది గానీ, అమ్మాయ్,
స్టీరింగ్ ఎడమకు తిప్పితేనే."
"మరి కుడి మలుపులో?"
"కుడి మలుపులో దేవుడున్నాడు."

ఎనభై రెండు నాటి జస్తవా.
మా వైపు ఫిచో అంటాం,
పక్కింటి పిల్లాణ్ణి కేకేసినట్టు.
రంగు పసుపు. పసుపంటే పసుపూ కాదు,
సిగరెట్లు కాల్చేవాడి పళ్ల రంగు.
ఇరవయ్యేళ్లు తేనెపెట్టెలు మోసిందట,
లోపలంతా మైనం వాసన,
వెనక సీటు కింద ఎండిన తేనెటీగ ఒకటి
ఇంకా కాపలా కాస్తోంది.

ఎందుకు కొంటున్నావని అతను అడగలేదు.
అడిగితే చెప్పేదాన్ని:
ఉక్కు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాటా నాది,
రోజంతా నలభై టన్నుల లారీలు తూస్తాను,
ఆరు వందల కిలోల బండి ఒకటి
నాదంటూ ఉండాలనిపించింది.

రెండు వేల రెండు వందల దగ్గర అతను ఆగాడు.
నేను మొదటి ధరే లెక్కపెట్టి చేతిలో పెట్టాను.
మొహమాటపడి, మిగతా నాలుగు వందలకూ అన్నట్టు
రెండు వైన్ సీసాల నిండా నీళ్లు,
ఓ జానెడు కర్ర తెచ్చిచ్చాడు.
"కర్రెందుకు?"
"కొండ చెబుతుంది."

కొండ పేరు వర్షిచ్. యాభై మలుపులు.
సోచా నది వైపునుంచి ఎక్కితే
బోర్డుల మీద అంకెలు యాభై నుంచి తగ్గుతాయి
మనం పైకి పోతుంటే.
వెనక బోజిదార్, నన్ను దింపడానికొచ్చిన పక్క ఫ్లాటువాడు,
చప్పుడు చెయ్యని కొత్త కరెంటు కారులో.
"దాన్లో నేనెక్కను, నా బాకీలింకా తీరలేదు" అన్నవాడు.

నలభై ఆరు: మూడో గేరు మాట మరిచిపోయాం.
నలభై రెండు: రెండో గేరుతో కాళ్లబేరానికొచ్చాం.
ముప్పై ఎనిమిది: మూత ఎగిరే గిన్నెలా ఆవిరి.
దీనికి ఇంజిను వెనకుంటుంది,
కోపమొస్తే వీపు కాలుతుంది.
సైకిళ్లవాళ్లు మమ్మల్ని దాటిపోయారు,
జాలిపడేంత ఊపిరి వాళ్ల దగ్గరా లేదు.
ఒక సీసా తాగింది. గుటక గుటకకీ రొప్పింది.
అప్పుడర్థమైంది కర్ర:
ఇంజిను మూత ఎత్తి దానికి ఊతం పెట్టాలి,
చొక్కా ఎగేసుకుని గాలికి వీపు ఆరబెట్టినట్టు.
అలాగే ఎక్కింది మిగతా కొండ,
సిగ్గూ ఎగ్గూ లేకుండా.

కనుమ మీద గొర్రెలు.
బోజిదార్ దిగాడు. ముఖాన నా బండి మసి.
"ఒక్క మలుపు. ఒకే ఒక్కటి."
ఇచ్చాను.

ఇరవై నాలుగు దాటాడు. ఇరవై మూడు దాటాడు.
రాళ్లు పరిచిన మలుపుల్లో గడగడలాడుతూ
ఇరవై, పదిహేడు, పదకొండు.
కొన్నది నేను, ఇంటికి తోలుతున్నది వాడు!
వాడి కారులో నాకు ఏ చప్పుడూ లేదు,
నా గుండె నాకే వినబడి చిరాకేసింది.
తిట్టుకుంటూ వెనకే దిగుతూ
అప్పుడు చూశాను నా కారుని,
కర్ర మీద మూత ఊగుతూ పోతుంటే.
ప్రతి ఎడమ మలుపుకీ ఓ కూత.
కుడి మలుపుల్లో ఊపిరి బిగబట్టేది,
నేనూ.

యెసెనిత్సే చేరేసరికి షిఫ్టు మారుతోంది.
గేటు కాపలాదారు నన్ను చూడలేదు, బండిని చూసి టోపీ తీశాడు.
బోజిదార్ తాళం తిప్పేశాక కూడా
ఇంజిను నాలుగుసార్లు దగ్గింది,
చివరి మాట తనదే కావాలని.
"బ్రేకులు చూపించుకో" అన్నాడు వాడు,
తాళం ఇవ్వడానికి కాస్త ఆలస్యం చేస్తూ.

రాత్రి తొమ్మిదికి ఫోను. ఫ్లోర్యాన్.
"చేరిందా?"
చెప్పులేసుకుని కిందికి దిగాను.
చీకట్లో కూచుని స్టీరింగ్ ఎడమకు తిప్పి,
ఫోను దగ్గరగా పట్టి నొక్కాను.
మూడో అంతస్తులో ఎవరో తిట్టారు.
అవతల అతను ఏమీ అనలేదు.
అతని కుక్క మొరగడం మొదలెట్టింది,
ఆగకుండా,
వీధి తలుపు గీరుతూ.